ఓపెన్ సోర్సు సంఘములలో డిజైనరు పని

ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరనగా, దాని కోడు నెవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఇట్టి సాఫ్ట్‌వేరును నిర్మించు సంఘములలో కోడు వ్రాయువారితోపాటు డిజైనరులును గలరు. తెరపై నేది యెచ్చట నుండవలెను, క్రొత్తవారు దాని నెట్లు గ్రహింతురు అని విచారించుటయే వీరి పని.

ఇందొక చిక్కు గలదు. అచ్చట పెక్కుమంది స్వచ్ఛందముగా పనిచేయువారు. వారికి ఆజ్ఞ చెల్లదు. కావున డిజైనరు చక్కని నమూనా గీచిన మాత్రమున చాలదు. కారణములు చెప్పి యొప్పింపవలెను.

బ్లెండరు సంగతి చూడుడు. త్రిపరిమాణ చిత్రములను నిర్మించు నీ సాఫ్ట్‌వేరు, ప్రజలు విరాళములుగా నిచ్చిన లక్ష యూరోలతో 2002లో ఓపెన్ సోర్సయ్యెను. అందు వస్తువు నెన్నుకొనుటకు మౌసు కుడి బటను నొక్కవలసియుండెను. ఎడమ బటనున కలవాటుపడిన క్రొత్తవారు మొదటనే తడబడుచుండిరి. పాతవారికో, చేతికి వచ్చిన యలవాటును మానుట కష్టము. ఎవరి మాట చెల్లవలెను? చిరకాల చర్చ పిమ్మట, 2019లో వెలువడిన 2.80 కూర్పున ఎడమ బటను నియమింపబడెను. కోరినవారికి కుడి బటనును ఉంచుకొను వీలు కల్పింపబడెను.

పాతవారిని త్రోసివేయక క్రొత్తవారికి తలుపు తెఱచుటయే డిజైనరు నేర్పని మేము తలంతుము. విద్యార్థులారా! కోడు వ్రాయుట రాదని వెనుదీయకుడు. "ఇచ్చట మాకు దారి తెలియలేదు" అని బొమ్మతో స్పష్టముగా చూపుటయు నా సంఘములకు గొప్ప సాయమే.