కన్సల్టెంట్‌తో ఒప్పందం: స్వచ్ఛంద సంస్థలు ఏమేం రాసుకోవాలి?

మూడు నెలల సర్వే, లక్షన్నర ఫీజు. మాటలన్నీ ఫోన్‌లోనే అయిపోయాయి. తీరా నివేదిక చేతికొచ్చాక ‘మేం అడిగింది ఇది కాదు’ అని సంస్థ అంటుంది. ‘ముందు నా డబ్బులు ఇవ్వండి’ అని కన్సల్టెంట్ అంటారు. ఇలాంటి తగాదాలో చిన్న సంస్థ పరువు, దాత ఇచ్చిన డబ్బు, కన్సల్టెంట్ కష్టం మూడూ ఇరుక్కుంటాయి. మీరు సంస్థ నడుపుతున్నా, కన్సల్టెంట్‌గా పనిచేస్తున్నా సంతకానికి ముందు ఇవి చూసుకోండి.

నోటి మాట చెల్లదా?

భారత కాంట్రాక్టు చట్టం-1872 ప్రకారం నోటి ఒప్పందమూ చెల్లుతుంది. కానీ ఏం మాట్లాడుకున్నారో రుజువు చేయడమే కష్టం. అందుకే స్టాంపు పేపర్‌పై రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. రిజిస్ట్రేషన్, నోటరీ తప్పనిసరి కాదు. సంస్థ తరఫున సంతకం చేసేవారికి ఆ అధికారం ఇస్తూ కార్యవర్గం తీర్మానం చేసి ఉండాలి.

పని ఎంత, ఎప్పటికి?

‘సర్వే చేయాలి’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఎన్ని గ్రామాలు, ఎన్ని ఇళ్లు, నివేదిక ఏ భాషలో, ముసాయిదా ఏ తేదీకి, మార్పులు ఎన్నిసార్లు అన్నది స్పష్టంగా ఉండాలి. ముసాయిదా అందాక సంస్థ ఎన్ని రోజుల్లో అభిప్రాయం చెప్పాలో కూడా రాయండి. చాలా గొడవలు మొదలయ్యేది అక్కడే.

ఫీజులో చేతికొచ్చేది ఎంత?

వృత్తిపరమైన సేవల ఫీజు ఏడాదికి 50 వేల రూపాయలు దాటితే సంస్థ సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోయాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30 వేలు. అంటే లక్షన్నర ఫీజులో 15 వేలు పోగా 1.35 లక్షలు ఖాతాలో పడతాయి. కోసిన మొత్తాన్ని కన్సల్టెంట్ రిటర్నులో చూపించుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం.

కన్సల్టెంట్ ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఫీజులో జీఎస్టీ, ప్రయాణ ఖర్చులు కలిసి ఉన్నాయా, వేరుగా ఇస్తారా అన్నది ముందే తేల్చుకోండి. మొత్తం ఒకేసారి కాకుండా అడ్వాన్స్, ముసాయిదా, తుది నివేదిక ఇలా విడతలుగా చెల్లిస్తే ఇద్దరికీ భరోసా.

ఉద్యోగమా, కన్సల్టెన్సీయా?

రోజూ ఆఫీసుకు రావాలి, సెలవు అడగాలి, నెలనెలా జీతం అంటే పైన ‘కన్సల్టెంట్’ అని రాసినా అది ఉద్యోగమే అనే వాదన వస్తుంది. అప్పుడు పీఎఫ్ వంటి బాధ్యతలు సంస్థ మీద పడొచ్చు.

నివేదిక ఎవరిది?

డబ్బు ఇచ్చాం కాబట్టి నివేదిక మాదే అని చాలా సంస్థలు అనుకుంటాయి. కాపీరైట్ చట్టం-1957 ప్రకారం ఉద్యోగి కాని వ్యక్తి రాసిన దానిపై తొలి హక్కు సాధారణంగా ఆ రచయితదే. హక్కులు సంస్థకు రావాలంటే రాతపూర్వకంగా బదిలీ చేయాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారత్‌కే పరిమితమవుతుంది. సర్వేలో సేకరించిన పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి పోకుండా గోప్యత నిబంధన కూడా పెట్టండి.

విదేశీ నిధులైతే?

ఎఫ్‌సీఆర్‌ఏ నిధుల్లో పాలనా ఖర్చులు 20 శాతం మించకూడదు. న్యాయ, వృత్తిపరమైన ఫీజులు ఈ లెక్కలోకే వస్తాయి. కాబట్టి ఒప్పందానికి ముందే ఆడిటర్‌ను అడగండి. కన్సల్టెంట్ ట్రస్టీకి బంధువైతే మరింత జాగ్రత్త. పనికి మించి చెల్లిస్తే ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు.

మధ్యలో ఆగిపోతే?

ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, అప్పటిదాకా చేసిన పనికి ఎంత చెల్లించాలి, వివాదం ఏ ఊరి కోర్టులో లేదా ఏ మధ్యవర్తి దగ్గర తేలాలి అన్నవి రాసుకోండి. ఆలస్యానికి భారీ జరిమానా రాసుకున్నా కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది.

చివరిగా, ఒప్పందం రెండు ప్రతులు తీసి చెరొకటి దాచుకోండి. తర్వాత పని పెరిగినా, గడువు మారినా ఫోన్‌లో ‘సరే’ అనేసి ఊరుకోకండి. ఆ మార్పు కూడా కాగితం మీదికి ఎక్కి, ఇద్దరి సంతకాలూ పడాలి.