జామ, నిమ్మ పండ్లతో పచ్చ తేనీటి పానీయము

వానకాలములో జామచెట్టు విరివిగా కాచినప్పుడు ఇంటిల్లిపాది తినగా ఇంకను పండ్లు మిగులుట రైతు కుటుంబములకు క్రొత్త కాదు. మచ్చ పడినవి, చిన్నవి, మెత్తబడినవి వర్తకుడు ఏరి ప్రక్కన పెట్టును. నిమ్మ ధర పడిపోయిన దినములలో కోతకూలి కూడ గిట్టదని కాయలను చెట్టు క్రిందనే వదలివేయుదురు. ఇట్లు పారవేయు పండ్లలో లోపల చెడనివి చాల ఉండును. అదే ఇంటి పిల్లలు అంగడికి పోయి సీసాలలోని తీపి రంగునీళ్లు కొని త్రాగుచుందురు. పెరటి పండు పెంటకుప్పకు, చేతి డబ్బు అంగడికి పోవుట ఏమి లాభము?

ఈ పండ్లను పచ్చ తేనీటితో కలిపి ఇంటిలోనే మంచి పానీయము చేసికొనవచ్చును. చేయు పద్ధతి సులభమే. అయితే దానిని ఏ వేళ త్రాగవలెనో తెలిసికొనుట అంతకంటె ముఖ్యము. ఈ రెండు సంగతులును క్రింద వివరింపబడినవి.

పచ్చ తేయాకు అనగానేమి?

పచ్చ తేయాకు, అనగా అంగళ్లలో గ్రీన్ టీ అని అమ్మునది, వేరొక మొక్క నుండి వచ్చునది కాదు. మనము పాలు పోసి కాచుకొను టీ పొడికిని, దీనికిని మొక్క ఒక్కటే. కోసిన ఆకును నలిపి గాలి తగులనిచ్చినచో ఆకులోని ఎంజైములు పనిచేసి రంగు నల్లబడును. అది మామూలు టీ. కోసిన కొలది సేపటికే ఆవిరిలోగాని, వేడి పెనముపైగాని ఆకును వేడిచేసినచో ఆ ఎంజైముల పని ఆగిపోవును. ఆకు పచ్చగనే నిలుచును.

అస్సాము, డార్జిలింగు, నీలగిరి, కాంగ్రా ప్రాంతములు మన దేశములో తేయాకునకు పేరుపొందినవి. మన రైతు ఈ ఆకును కొనవలసినదే గాని, నలుగురికి 6 గ్రాములు చాలును. తక్కినవన్నియు పెరటిలో దొరకునవే.

కావలసినవి (నలుగురికి)

పచ్చ తేయాకు 6 గ్రాములు (సుమారు మూడు టీ చెంచాలు, చిన్న సంచులైనచో మూడు లేక నాలుగు), నీరు 600 మిల్లీలీటర్లు, బాగుగా పండిన జామపండ్లు 300 గ్రాములు, నిమ్మకాయ ఒకటి, చిన్న అల్లపు ముక్క, చిటికెడు ఉప్పు, బెల్లము లేక పంచదార నాలుగు టీ చెంచాలకు మించకుండ. పండు తియ్యనిదైనచో తీపి అసలే అక్కరలేదు.

తయారుచేయు విధానము

1. పండ్లను పారు నీటిలో బాగుగా కడుగవలెను. ప్రతి పండును కోసి చూడవలెను. వానకాలపు జామలో పండుఈగ పురుగు ఉండుట కద్దు. పురుగు పట్టిన పండును, కుళ్లు వాసన గల పండును పూర్తిగా తీసివేయవలెను. పై తొక్కపై మచ్చ మాత్రమే ఉన్నచో ఆ మేరకు చెక్కివేసి వాడుకొనవచ్చును.

2. 150 మిల్లీలీటర్లు పట్టు గ్లాసుతో కొలిచి, మూడు గ్లాసుల మరిగిన నీటిలో ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీరు కలుపవలెను. నీరు సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి వచ్చును. ఉష్ణమాపకము లేని ఇంటిలో ఇది సులువైన కొలత.

3. ఈ నీటిలో తేయాకు వేసి మూత పెట్టి, మూడు నిమిషములకు వడకట్టవలెను. ఆకును పిండరాదు. గిన్నెను చల్లని నీరు పోసిన పళ్లెములో నిలిపి తేనీటిని చల్లార్చవలెను.

4. జామ ముక్కలు, అల్లము, ఒక గ్లాసు చల్లారిన తేనీరు మిక్సీలో వేసి, ఆపి ఆపి కొలది సేపు మాత్రమే త్రిప్పవలెను. ఎక్కువసేపు త్రిప్పినచో గింజలు నలిగి పానీయము గరుకగును. మిక్సీ లేనివారు మెత్తని పండ్లను పప్పుగుత్తితో మెదపవచ్చును. ఈ గుజ్జును జల్లెడలో వడకట్టి గింజలు తీసివేయవలెను.

5. మిగిలిన తేనీరు, ఉప్పు, తీపి కలిపి, చివరగా నిమ్మరసము పిండవలెను. నిమ్మగింజలు పడనీయరాదు. ఇది నాలుగు గ్లాసుల పానీయమగును.

పులుపు గల ఈ పానీయమును కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలోను, అల్యూమినియము పాత్రలలోను ఉంచరాదు. స్టీలు, గాజు, పింగాణి పాత్రలు తగినవి.

చేదు ఎందుకు వచ్చును?

పచ్చ తేనీరు ఒకసారి త్రాగి, చేదని మానివేసినవారు కలరు. తప్పు ఆకుది కాదు, కాచుటది. మామూలు టీ వలె పొయ్యిమీద మరిగించినచో ఆకులోని వగరు, చేదు పదార్థములు అధికముగా నీటిలోనికి దిగును. వేడి తగ్గించి, మూడు నిమిషములకే తీసినచో రుచి తేలికగా నుండును. చిక్కదనము కావలెనన్నచో ఆకు కొంచెము పెంచవలెనే గాని, సమయము పెంచరాదు.

ఇతర పండ్లు

జామ లేని కాలమున బత్తాయి, మామిడి, బొప్పాయి, పుచ్చ వాడవచ్చును. బత్తాయి రసము నిలువ ఉన్నకొలది చేదెక్కును. గనుక గింజలు తీసి, పిండిన వెంటనే త్రాగవలెను. పుచ్చపండులో నీరు అధికము; గనుక అదే ఆకునకు నీరు సగము మాత్రమే పోయవలెను. ఏ పండైనను ఈ పానీయములో పాలు కలుపరాదు. పులుపునకు పాలు విరుగును.

ఏ వేళ త్రాగవలెను?

తేయాకులోని వగరు పదార్థములు అన్నము, పప్పు, ఆకుకూరలలోని ఇనుమును పట్టి, శరీరమునకు చక్కగా అందనీయవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటను 15-49 ఏండ్ల స్త్రీలలో సగము కంటె ఎక్కువమందికి రక్తహీనత కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములు భోజనమునకు కనీసము ఒక గంట ముందు, ఒక గంట తరువాత టీ, కాఫీలు త్రాగవద్దని సూచించినవి. పచ్చ తేనీటికిని ఇదే నియమము.

100 గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉండును. ఇది ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. కావున భోజనముతో జామపండును ఉన్నది ఉన్నట్లుగా తినవలెను; పానీయమును మధ్యాహ్నము మూడు, నాలుగు గంటల వేళకు ఉంచుకొనవలెను. ఇనుము మాత్రలు వేసికొను స్త్రీలు, ఎదుగు ఆడపిల్లలు మాత్రను తేనీటితో మ్రింగరాదు. నిమ్మరసము కలిపిన మంచినీటితో వేసికొనుట మేలు.

పచ్చ తేయాకులోను కొంత కెఫీను ఉండును. కాబట్టి చిన్న పిల్లలకు తేనీటికి బదులు చల్లని నీరు పోసి ఇదే పానీయము చేయవలెను. గర్భిణులు వైద్యుని అడిగి త్రాగవలెను. మధుమేహము గలవారు తీపి కలుపరాదు. వారికి రసము కంటె పండు తినుటయే మేలు.

పొలములో ఎండకు పనిచేయువారు దీనిని మంచినీటికి బదులుగా భావింపరాదు. విరేచనములు పట్టుకొన్నప్పుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణమే ఇయ్యవలెను. వడదెబ్బ తగిలినవారిని నీడకు చేర్చి, ఒంటిని తడిపి చల్లబరచి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

నిలువ

ఈ పానీయము నిలువ ఉండునది కాదు. వేసవి వేడిలో రెండు గంటలలోపల త్రాగవలెను. ఫ్రిజ్ ఉన్నవారు మూతపెట్టి ఒక దినము ఉంచుకొనవచ్చును. మంచుముక్కలు కాచిన నీటితో చేసినవై యుండవలెను. పుల్లని వాసన, నురుగు కనిపించినచో పారబోయవలెను.

రైతు సోదర సోదరీమణులారా! వర్తకుడు త్రోసివేసిన పండు అంతయు చెడ్డది కాదు. కోసి చూచి మంచిదానిని భోజనముతో పండుగా తినుడు. మిగిలినదానిని సాయంత్రపు పానీయముగా చేసికొనుడు. పండు వృథా కాదు, డబ్బు మిగులును, తిన్న తిండిలోని ఇనుమును ఒంటబట్టును.