నల్ల తెర చూసి బెదరొద్దు!

నా మొదటి ఇంటర్వ్యూలో జావా ప్రశ్నలకు టకటకా జవాబులు చెప్పేశాను. చివర్లో ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, 'ఈ లాగ్ ఫైల్‌లో ఎర్రర్ అన్న మాట ఎన్ని లైన్లలో ఉందో చెప్పండి' అన్నారు. నల్ల తెర, మిణుకుమిణుకుమంటూ కర్సర్. మౌస్ కోసం వెతికాను. ఆ ఉద్యోగం రాలేదు. గ్రెప్ అనే ఒక్క కమాండ్ తెలిసుంటే అర నిమిషం పని!

కంపెనీల సర్వర్లు చాలావరకు లినక్స్‌వే. వాటితో మాట్లాడాలంటే టెర్మినలే దారి. ప్లేస్‌మెంట్లు మొదలయ్యేలోపే మీ సిస్టమ్‌లో దాన్ని సిద్ధం చేసుకోండి. రూపాయి ఖర్చు లేదు.

మనలో ఎక్కువమందికి ఉండేది విండోస్. స్టార్ట్ మెనూలో పవర్‌షెల్ అని వెతికి, రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. డబ్ల్యూఎస్‌ఎల్ అని కొట్టి, ఒక స్పేస్, రెండు హైఫన్లు, వాటికి ఆనుకునే ఇన్‌స్టాల్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. విండోస్ 11లో, విండోస్ 10 అయితే 2004 వెర్షన్ నుంచి ఇది పనిచేస్తుంది. ఉబుంటు డౌన్‌లోడ్ అవుతుంది. పెద్ద ఫైలే, మొబైల్ డేటాతో పెట్టుకోకండి. రీస్టార్ట్ అయ్యాక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనపడదు. కీబోర్డు పాడైందనుకునేరు! దాని పద్ధతే అంత.

వర్చువలైజేషన్ ఎర్రర్ వచ్చిందా? టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ చూడండి. 'డిజేబుల్డ్' అని ఉంటే బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బయాస్ తెరిచే కీ ఒక్కో కంపెనీది ఒక్కోటి కాబట్టి మీ మోడల్‌కు ఏదో ముందే చూసుకోండి.

మ్యాక్ ఉన్నవాళ్లకు పనే లేదు. కమాండ్, స్పేస్ కలిపి నొక్కి టెర్మినల్ అని కొడితే తెరుచుకుంటుంది. ఉబుంటులోనైతే కంట్రోల్, ఆల్ట్, టీ. ల్యాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ యాప్ వేసుకోండి, ప్రాథమిక కమాండ్లకు చాలు.

ఒక్క జాగ్రత్త. నెట్‌లో దొరికిన కమాండ్‌ను, ముఖ్యంగా సుడో, ఆర్‌ఎం ఉన్నవాటిని, అర్థం తెలియకుండా పేస్ట్ చేయకండి. టెర్మినల్‌లో తీసేసిన ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు.

సెటప్ అయ్యాక నా ఇంటర్వ్యూ ప్రశ్నే మీరూ చేసి చూడండి. గ్రెప్, స్పేస్, హైఫన్ సి, స్పేస్, ఎర్రర్, స్పేస్, ఫైల్ పేరు. జవాబు సున్నా వస్తే కంగారుపడకండి. ఫైల్‌లో ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉండొచ్చు. హైఫన్ సి పక్కనే ఐ కూడా చేర్చి మళ్లీ కొట్టండి.