బేత్లెహేములో కొత్త కాపురం

నయోమి, ఆమె కోడలు రూతు ఇద్దరూ విధవరాండ్రే. మోయాబు దేశం నుండి వాళ్లు బేత్లెహేము చేరేనాటికి యవల కోత మొదలయింది. రూతు పరిగె ఏరుకోవడానికి బయలుదేరింది. వరికోతల వేళ పరిగె ఏరిన మన తల్లులకు ఆ నడుము నొప్పి తెలుసు. పొలం ఓరల పంటను, రాలిన వెన్నులను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండము 19వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది.

పొలం ఆసామి బోయజు, నయోమి భర్తకు బంధువు, వయసు మళ్లినవాడు. అతని మనసు ఎలా బయటపడింది? పూలతో కాదు సుమా! పనివాళ్లు ఆమె జోలికి పోకూడదన్నాడు. దాహమైతే వాళ్లు తోడిన నీళ్లు తాగమన్నాడు. కావాలనే కొన్ని వెన్నులు జారవిడవమన్నాడు. ఆ సాయంత్రం ఆమె దుళ్లగొడితే దాదాపు తూమెడు యవలయ్యాయి.

పెండ్లి మాట చాటున తేలలేదు. పురద్వారం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, తనకంటె దగ్గరి బంధువును ముందు అడిగి, అతడు కాదన్నాకే రూతును చేపట్టాడు. ఆమె పరదేశి, విధవరాలు. అయినా ఊరంతా దీవించింది. ప్రియులారా, చిన్న వయసులో భర్తను పోగొట్టుకొన్న మన సంఘపు ఆడపడుచుకు మళ్లీ పెండ్లి అంటే మనమెందుకు గుసగుసలాడతాం? నన్నడిగితే, సంబంధం చూడడానికి ముందుగా కదలవలసింది సంఘ పెద్దలే.

బిడ్డ పుట్టాక నయోమి కౌగిట్లోకి తీసుకొంది. ఓబేదు అని పేరు పెట్టింది మాత్రం ఇరుగుపొరుగు స్త్రీలు.