మంచము పట్టినవారి పుండ్లును, నార్టన్ గారి లెక్కయు

దీర్ఘవ్యాధిచేతనో వార్ధక్యముచేతనో మంచము పట్టి, తమంతట తాము ఒత్తిగిలలేని రోగులకు వచ్చు బాధలలో పడకపుండు మిక్కిలి క్రూరమైనది. అసలు వ్యాధి కుదుటపడుచున్నదని ఇంటివారు సంతోషించుచుండగనే నడుము క్రింది యెముకయొద్ద మచ్చ యొకటి కనబడును. కొలదిదినములలో చర్మము చిట్లి, మాంసము కుళ్లి, పుండు ఎముకవఱకు పోవచ్చును. దాని విషము రక్తమున జేరి ప్రాణము తీయుటయు గలదు.

ఇది వ్యాధితో కూడ వచ్చునదే గాని తప్పింప శక్యము కాదని పూర్వము పలువురు వైద్యులు తలంచిరి. ఫ్లోరెన్స్ నైటింగేల్ గారు మాత్రము 1859లో ప్రకటించిన తమ గ్రంథమున, ఇది సాధారణముగా వ్యాధిదోషము కాదు, పరిచర్యలోని లోపమే యని వ్రాసిరి. అట్లయిన ఏ పరిచర్య చేయవలయును? దీనిని ఊహతో గాక పరీక్షతో తేల్చినవారిలో డోరీన్ నార్టన్ గారు ముఖ్యులు.

ఆమె 1922లో జన్మించిన ఆంగ్లేయ నర్సు. వృద్ధుల వార్డులలో పనిచేయుట గొప్పగా ఎంచబడని దినములలో ఆమె ఆ పనినే తన జీవితకార్యముగా జేసికొనెను. ఆ కాలమున నర్సులు రోగి వీపును సబ్బుతో రుద్ది, స్పిరిటు పూసి, పౌడరు చల్లుచుండిరి. కోడిగ్రుడ్డు తెల్లసొన రాచినవారును గలరు. ఎవరి మందు వారికి గొప్ప. నార్టన్ గారు, మెక్లారెన్ గారు, ఎక్స్టన్ స్మిత్ అను వైద్యుడును గలసి లండనులో వృద్ధ రోగులను దినదినము పరిశీలించి, 1962లో తమ ఫలితములను అచ్చువేయించిరి. వారు చూచిన 250 మంది రోగులలో ఇంచుమించు నాలుగవ వంతు మందికి పుండ్లు లేచెను. పూతలవలన చెప్పదగిన మేలు కనబడలేదు. రోగిని వేళతప్పక ప్రక్కలు మార్చుటవలననే పుండ్లు తగ్గెను.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. నేలమీద చాలసేపు కదలక కూర్చున్నవాని కాలు తిమ్మిరెక్కును. వాడు వెంటనే కాలు చాచుకొనును. మంచము పట్టినవాడు అట్లు చేయలేడు. ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన మాంసమునకు నెత్తురు అందదు. గంటలకొలది అందకున్న ఆ మాంసము చచ్చును. పైపూత అచ్చటికి నెత్తురును తేజాలదు.

ఏ రోగికి అపాయమెక్కువయో ముందుగా తెలియుటకై వారొక లెక్క యేర్పఱచిరి. దేహస్థితి, తెలివి, నడక, కదలగల శక్తి, మలమూత్రముల అదుపు అను 5 విషయములలో ఒక్కొక్కదానికి 4 మొదలు 1 వఱకు గుణములు వేయుదురు. మొత్తము 20 వచ్చినచో భయము తక్కువ. 14గాని అంతకు లోపుగాని వచ్చినచో జాగ్రత్తపడవలయును. యంత్రము వలదు, కన్నులును కాగితమును చాలును. ఈ లెక్కలో ఆహారమును గూర్చి ప్రత్యేకముగా లేకుండుట కొఱతయే. 1987లో అమెరికాలో వెలువడిన బ్రేడెన్ లెక్కలో అదియు, చర్మము పరుపుపై రాచుకొనుటయు చేర్చబడెను.

నార్టన్ గారు తరువాత అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున విశ్వవిద్యాలయ ఆచార్యపదవి నలంకరించి, వృద్ధుల పరిచర్యను బోధించిరి. 2007లో మరణించిరి.

ఇంట ముసలితల్లినో తండ్రినో చూచుకొనువారికి ఆమె పరిశోధన మిగుల పనికివచ్చును. రెండు గంటలకొకసారి ప్రక్క మార్చుట సాధారణ నియమము. రోగి స్థితినిబట్టి నర్సు వేఱుగా చెప్పవచ్చును. రాత్రియందును ఇది మానరాదు గనుక ఇంటివారు వంతులు వేసికొనవలయును. తెల్లవాఱకముందే తోటపనికి పోవలసిన కోడలి యొక్కతె నెత్తిన ఈ భారమంతయు వేయుట న్యాయము కాదు. రోగిని పరుపుపై ఈడ్వక, దుప్పటితో ఇద్దరు ఎత్తి జరుపవలయును. మోకాళ్ల నడుమ దిండుంచి, పిక్కలక్రింద మఱియొక దిండు పెట్టినచో మడమలు పరుపునకు తగులవు. నడుమ రంధ్రముగల రబ్బరు చక్రము మేలుచేయునని కొందఱనుకొందురు గాని, అది చుట్టును ఒత్తి నెత్తుటి నాపును. తడిసిన గుడ్డ వెంటనే మార్చవలయును. వైద్యుడు వలదన్ననే తప్ప గ్రుడ్డు, చేప, పప్పు తగ్గింపరాదు.

దినమున కొకసారియైనను వెలుతురులో నడుము, తుంటి, మడమ, మోచేయి, తలవెనుక భాగము చూడవలయును. తెల్లని చర్మముపై ఎఱ్ఱమచ్చ తెలియును. వ్రేలితో అదిమినను ఎఱుపు పోకున్న అది మొదటి గుఱుతు. మనవంటి నల్లని చర్మముపై ఆ ఎఱుపు కనబడకపోవచ్చును. కావున చేతితో తడిమి, ఆ చోటు ప్రక్కచోట్లకంటె వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో యున్నదేమో చూచి, నొప్పి గలదా యని రోగి నడుగవలయును. అనుమానమైనచో ఆ చోటును రుద్దక, ఆ ప్రక్క పరుండబెట్టుట మాని, చర్మము చిట్లినను నల్లబడినను ఆ దినమే నర్సుకో వైద్యునికో చూపవలయును.