రెక్క ముడిచిన ఈగ.. ఏం చెబుతోంది?

* ప్రతిసారీ పక్క తోట మందే కారణం కాదు
* పెట్టె మూత తీసి చూస్తేనే అసలు జబ్బు తెలిసేది

అత్తిబెలె: పొద్దున్నే తేనెపెట్టె దగ్గరకు వెళ్తే ముందు నేలమీద ఈగలు పాకుతుంటాయి. ఎగరబోతాయి.. ఎగరలేవు. కొన్నింటి రెక్కలు నలిపిన కాగితంలా ముడుచుకుని ఉంటాయి. చూడగానే ఎవరైనా అనే మాట ఒక్కటే.. 'పక్కోళ్లు తోటలో మందు కొట్టినట్టున్నారు' అని. అత్తిబెలె, ఆనేకల్, హోసూరు చుట్టూ గులాబీ తోటలు, కూరగాయల సాగు ఎక్కువ. అనుమానం రావడం సహజమే. కానీ జబ్బొకటి, మందొకటి అయితే పెట్టె ఖాళీ కావడానికి ఎన్నాళ్లో పట్టదు. పక్క రైతుతో తగవు మాత్రం మిగులుతుంది.

నల్లి చేసే పని

ముడతల రెక్కలతో పుట్టే ఈగ వెనుక సాధారణంగా ఉండేది 'వర్రోవా' అనే నల్లి. ఎర్రటి గోధుమ రంగులో, ఆవగింజంత ఉంటుంది. పిల్ల ఉన్న గదికి ఈగలు మైనం మూత వేసే ముందే లోపల దూరుతుంది. మూత పడ్డాక పిల్లను పీలుస్తూ అక్కడే గుడ్లు పెడుతుంది. అలా పీల్చేటప్పుడు రెక్కల్ని వికారం చేసే వైరస్‌ను కూడా ఎక్కిస్తుంది. ఆ గదిలోంచి వచ్చిన ఈగకు రెక్క విచ్చుకోదు, పొట్ట పొట్టిగా ఉంటుంది. కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

మన పుట్ట తేనెటీగకు (కన్నడంలో తుడువె) ఈ నల్లి పాత చుట్టమే. ఒకదాన్నొకటి శుభ్రం చేసుకుని దాన్ని అదుపులో పెట్టుకుంటాయి. ఆ నల్లి ఎక్కువగా పోతుటీగల గదుల్లోనే పెరుగుతుంది. ఇటలీ ఈగ అని పిలిచే మెల్లిఫెరాకు ఆ నేర్పు తక్కువ. అందుకే వాటి పెట్టెలకే దెబ్బ ఎక్కువ. ట్రోపిలేలాప్స్ అనే మరో చిన్న నల్లి వల్లా రెక్కలు పాడవుతాయి. చెట్లకు, అపార్ట్‌మెంట్లకు వేలాడే పెద్ద తేనెటీగలు (హెజ్జేను) దాని సొంత ఇల్లు. చట్రం మీద చకచకా పరుగెడుతుంది కాబట్టి గుర్తుపట్టొచ్చు.

ఇలా గుర్తించండి

* రోజూ కొన్ని చొప్పున, ముడుచుకున్న రెక్కలతో లేత ఈగలు బయటపడుతుంటే: నల్లి, వైరస్.
* ఒక్క పూటలో కుప్పలుగా చచ్చి, నాలుక బయటకు చాచి ఉంటే: పురుగుమందు. ముందు రోజు చుట్టుపక్కల ఏం చల్లారో అడగండి.
* ఒళ్లంతా వణుకుతూ, వెంట్రుకలు రాలి నల్లగా నిగనిగలాడుతుంటే: పక్షవాతం తెచ్చే వైరస్ కావచ్చు.
* రెక్క అంచులు మాత్రమే చిరిగి ఉంటే: భయం లేదు. తిరిగి తిరిగి అరిగిపోయిన ముసలి ఈగ అది. పని ఎక్కువగా ఉండే కాలంలో కూలి ఈగ బతికేది సుమారు ఆరు వారాలే.
* ఈగలు బాగానే ఉన్నా, గదిలో పిల్లలు తల పైకెత్తి నీళ్ల సంచిలా మారితే: థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్.

ఈ చివరిదాన్ని దక్షిణాది మరిచిపోలేదు. 1991-92లో కర్ణాటక, తమిళనాడు, కేరళల్లో పుట్ట తేనెటీగల్ని ఊడ్చిపెట్టేసింది ఇదే. చాలామంది పెట్టెలు అటకెక్కించారు. ఇక్కడ మెల్లిఫెరా పెంపకం ఊపందుకున్నదీ ఆ తర్వాతే.

చక్కెర పొడితో పరీక్ష

నల్లి ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. పిల్లలున్న చట్రం నుంచి అరకప్పు ఈగల్ని, అంటే సుమారు 300, జాలీ మూత ఉన్న సీసాలోకి తీసుకోవాలి. అందులో రాణి లేదని ముందే చూసుకోవాలి. రెండు చెంచాల మెత్తటి చక్కెర పొడి వేసి నెమ్మదిగా దొర్లించి, ఒకట్రెండు నిమిషాలు ఆగి తెల్లటి పళ్లెంలోకి జల్లించాలి. పొడితో పాటు నల్లులూ రాలతాయి. ఈగలు చావవు, తిరిగి పెట్టెలోకి వదిలేయొచ్చు. రాలినవాటిని మూడుతో భాగిస్తే వందకు ఎన్నో తెలుస్తుంది. వందకు మూడు దాటితే ఆలస్యం చేయకూడదు.

యాంటీబయాటిక్ వద్దు

వైరస్‌కు మందు లేదు. నల్లిని తగ్గించడమే మార్గం. నల్లి చేరిన పోతుటీగల గదుల్ని కోసి తీసేయడం తొలి మెట్టు. ఫార్మిక్ ఆసిడ్ వాడతారు గానీ అది చర్మాన్ని కాలుస్తుంది, మోతాదు మించితే ఈగలే పోతాయి. నిపుణులను అడిగాకే వాడాలి, తేనె తీసే కాలంలో వాడకూడదు. 'ఏదో ఒకటి' అని యాంటీబయాటిక్ కలిపితే వైరస్ చావదు, తేనెలో అవశేషం మిగులుతుంది. ఇలాంటి అవశేషాల గొడవతోనే 2010లో యూరోపియన్ యూనియన్ మన తేనెను ఆపేసింది. మళ్లీ 2011లో అనుమతించింది.

అనుమానం తీరకపోతే జబ్బు ఈగల్ని, పిల్లలున్న తుట్టె ముక్కను ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టి బెంగళూరు జీకేవీకేలోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లొచ్చు. అక్కడ తేనెటీగల విభాగం ఉంది.

పెట్టె ఖాళీ అయితే పోయేది తేనె ఒక్కటే కాదు. పొలం గట్టున హుచ్చెళ్లు, పందిరి మీద గుమ్మడి, దోస.. వీటికి పిందె పడాలన్నా ఈగ రావాల్సిందే. అందుకే పక్క రైతును నిలదీసే ముందు ఓసారి మూత తీసి చూడండి. తప్పు మందుదే అని తేలితే సాయంత్రం, ఈగలు గూటికి చేరాక చల్లమని అడగండి. తగవు కంటే ఆ మాట ఇద్దరికీ మేలు.