చెరిగిన చిట్టా, చెరగని చేలు



నేటి నా ప్రసంగమునకు విషయము హార్డు డిస్కు. తాటాకులు చదువుకొన్న ముసలి పంతులునకు యంత్రముల ఊసెందులకని మీరనుకొనవచ్చును. కోసిగిలో మా యింట జరిగిన యొక పొరపాటు నాకీ విద్యలో కొంత నేర్పినది. అట్టి పొరపాటు మీ యిండ్లలోను జరుగవచ్చును గనుక చెప్పుచున్నాను.

ఉద్యోగము విరమించిన పిమ్మట నేను ఊరి వృద్ధుల పాటలను, పొలముల పాత పేర్లను, వంశముల కథలను వారి గొంతులతోనే ఫోనులో పట్టి భద్రపరచుచు వచ్చితిని. అందు మా అక్కగారు పాడిన సువ్విపాటలు, మంగళహారతులు గూడ కలవు. అక్కగారు తరువాత కాలము చేసిరి. ఆ ధ్వనులన్నియు ఒక చిన్న హార్డు డిస్కులో నుండెను. ఒకనాడు మా మనుమడు దానిని వేరొక కంప్యూటరునకు తగిలింపగా, ఆ యంత్రము దానిని పోల్చుకొనజాలక, ఫార్మాటు చేయుదునా యని యడిగినది. పిల్లవాడు ఔనని నొక్కినాడు. నిమిషములో డిస్కు ఖాళీగా కనబడెను. 'పోయె తాతా, అంతా పోయె' అని వాడు ఏడ్చినాడు.

నిజముగా పోయినదా? ఈ ప్రశ్నకు సమాధానము మన పొలములలోనే యున్నది.

1984లో రద్దగువరకు మన గ్రామములలో కరణీకముండెను. ఏ సర్వే నంబరు చేను ఎవరిదో, దాని హద్దులెవ్వియో కరణముగారి లెక్కలలో వ్రాసి యుండెడిది. ఆ లెక్కల కట్ట అగ్నిపాలైనదనుకొనుడు. చేలెక్కడికి పోవును? జొన్న జొన్నగానే, ప్రత్తి ప్రత్తిగానే నిలిచియుండును. ఏది యెవరిదో చూపు వ్రాత మాత్రమే పోయినది. హార్డు డిస్కు సంగతియు నిట్టిదే. దానిలో అయస్కాంతపు పూత గల పళ్లెములు నిమిషమునకు 5400 మారులో, 7200 మారులో తిరుగుచుండును. ఆ పూతపై సమస్త విషయములును ఒకట్లుగను, సున్నలుగను వ్రాయబడును. ఏ విషయము ఎచ్చట నున్నదో తెలుపు చిట్టా వేరుగా నుండును. త్వరితముగా చేయు ఫార్మాటు ఆ చిట్టాను మాత్రమే క్రొత్తదిగా మార్చును. చేల జోలికి పోదు.

అయితే అపాయము తరువాత నున్నది. చిట్టా లేని నేల బంజరని తలచి క్రొత్తవాడు నాగలి కట్టిన యెడల పాత పైరు నశించును. డిస్కు ఖాళీ యని తలచి అందు సినిమాలో, చిత్రములో నింపినచో, వాని క్రింద పడిన పాత వ్రాత మరల రాదు. కావున మొదటి కర్తవ్యము డిస్కును తీసి ప్రక్కన బెట్టుట. వెదకు సాధనమును ఆ డిస్కులోనే చేర్చరాదు. దొరికినదానిని తిరిగి అందే దాచరాదు. తెలిసినవారు ముందుగా డిస్కు మొత్తమునకు ఉన్నదున్నట్లుగా నొక ప్రతి తీసి, ఆ ప్రతియందే వెదకుదురు.

వెదకుట రెండు విధములు. పాత చిట్టా పుటలు మిగిలియున్న యెడల, వానిననుసరించి పేర్లతో సహా తీయవచ్చును. అవియు లేనిచో, పళ్లెములను మొదటినుండి చివరివరకు చదువవలెను. అట్టలు, పేర్లు పోయిన తాటాకు కట్టలో 'శ్రీరస్తు', 'అవిఘ్నమస్తు' అని కనబడినచోట గ్రంథారంభమని మనము గుర్తింతుము గదా! అట్లే ఫోటోలలో మిక్కిలి వాడుకలోనున్న జేపెగ్ రకము 255, 216, 255 అను అంకెలతో ప్రారంభమగును. ఫోటోరెక్ అను ఉచిత సాధనము ఇట్టి గురుతులను బట్టియే వెదకును. ఈ పద్ధతిలో పేర్లు రావు. ఒకే విషయము ముక్కలుగా దూరదూరముల వ్రాయబడియున్నచో, రెండు గ్రంథముల ఆకులు కలిసినట్లు తారుమారగును.

కొన్ని చోట్ల ఆశ లేదు. 2007లో వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని, పూర్తి ఫార్మాటు చేసిన యెడల డిస్కంతటను సున్నలు వ్రాయబడును. పళ్లెములు లేని ఎస్సెస్డీ అను క్రొత్త రకములో, ఫార్మాటు కాగానే యంత్రము తనంతట తానే పాత వ్రాతను తుడుచుట సాధారణము. డిస్కు టకటక మని చప్పుడు చేసినచో అది యంత్రభాగములకు కలిగిన దెబ్బ. వెంటనే విద్యుత్తు ఆపి, దుమ్ము చొరని గదులు గల ప్రయోగశాలకు పంపవలెను.

అట్టి ప్రయోగశాలల నేర్పునకు ఒక నిదర్శనము. 2003 ఫిబ్రవరి 1న మన కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా వ్యోమనౌక శకలములలో కాలి కమిలిన హార్డు డిస్కు ఒకటి దొరకెను. దాని పళ్లెములు మాత్రము వంకరపోలేదు. నిపుణులు వానిని కడిగి వేరొక డిస్కులో నమర్చి, అందలి శాస్త్రప్రయోగపు లెక్కలలో సుమారు 99 పాళ్లు రాబట్టిరి. ఆ ఫలితములు 2008లో ప్రకటింపబడెను.

మా డిస్కును ఆదోనిలో ఈ పని తెలిసిన యొకరికి చూపితిమి. చాలవరకు దొరకెను గాని పేర్లు లేవు, అంకెలే యున్నవి. నేనును మనుమడును మూడు దినములు ఒక్కొక్కటియే విని, ఇది ఫలానావారి గొంతని వ్రాసికొంటిమి. కొన్ని కథలు నడుమనే తెగినవి. మూడవనాటి సాయంకాలము అక్కగారి హారతి వినబడెను. అది పూర్తిగా నున్నది. మేమిద్దరమును కొంతసేపు మాటలాడలేదు.

బ్రౌను దొర మన కావ్యములను ఉద్ధరింపగలిగినది ఊరూర ప్రతులుండుట చేతనే. ఒక్క ప్రతియే యున్న గ్రంథము చెదల నోటిలో నున్నట్లే. కావున మీ యింటి దస్తావేజుల చిత్రములకు, పెద్దల గొంతులకు మూడు ప్రతులుంచుడు. అందు రెండు వేర్వేరు సాధనములలో నుండవలెను, ఒకటి పొరుగూర నుండవలెను. పొరపాటున నొక్కిన పిల్లవానిని దండింపకుడు. మా యింట మొదటి ప్రతి మాత్రమే చేసి ఊరకున్న తప్పు నాది.

సెలవు.